వెనక గది దాకా వైఫై

హాల్లో నెట్ బాగానే వస్తుంది. అదే ఇంట్లో, అదే ఫోను పట్టుకుని వెనక గదిలోకి పోతే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఎందుకని? మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఎవరిని కదిలించినా వినపడే ప్రశ్న ఇది. 2020 లాక్‌డౌన్ రోజుల్లో బెంగుళూరు ఉద్యోగాలను ల్యాప్‌టాపుల్లో పెట్టుకుని సొంతూళ్లకు చేరినవాళ్లు దీన్ని ఇంకా గట్టిగా అడిగారు. మీటింగు మధ్యలో మాట తెగిపోతే వసారాలోకి లేచి రావడం, ఆన్‌లైన్ క్లాసు వినే పిల్ల మిద్దె మెట్ల మీద చాప పరుచుకోవడం అప్పుడు చాలా ఇళ్లలో జరిగిన సంగతే.

ఇలాంటప్పుడు మనం చేసే మొదటి పని కేబుల్ ఆయనకు ఫోను చేయడం. ఆయన వచ్చి డబ్బా ఆపి మళ్లీ వేస్తాడు. అయినా కుదరకపోతే ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోమంటాడు. నెలనెలా ఇంకొంత ఎక్కువ కట్టాక హాల్లో వేగం పెరుగుతుంది. వెనక గదిలో చక్రం మాత్రం ఆగదు. ఊరి నుంచి మన గడప దాకా నెట్ రావడం ఒక వ్యవహారం, గడప దాటాక ఒక గది నుంచి ఇంకో గదికి పోవడం పూర్తిగా వేరే వ్యవహారం. మొదటిది ప్లాను మార్చి కొనుక్కోవచ్చు. రెండోది కావాలంటే మన గోడలు ఏం చేస్తున్నాయో మనం తెలుసుకోవాలి.

చివరి ముప్పై అడుగులు

2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ అనే పథకం మొదలుపెట్టింది. చుట్టుపక్కల పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు. నెట్ కావాలంటే అది ఉన్న చోటికి మనిషి నడిచి వెళ్లాల్సిన కాలం అది. పదిహేనేళ్ల తర్వాత, 2017 డిసెంబరు 27న, అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నేల తవ్వుకుంటూ పోకుండా కరెంటు స్తంభాల మీదుగానే దాదాపు 24 వేల కిలోమీటర్ల ఫైబర్ తీగ లాగారు. నెలకు 149 రూపాయల ప్లానుతో టీవీ, ఫోను, నెట్ మూడూ ఒకే తీగలో ఇంటికి చేరాయి. ఈ పదిహేనేళ్లలో నెట్ ఎన్నో కొండలు, చెరువులు దాటి మన గుమ్మం దాకా వచ్చింది. ఆగిపోయింది చివరి ముప్పై అడుగుల్లో.

ఆ ఆగిపోవడానికి ఒక చిన్న కారణం ఆ సౌకర్యంలోనే ఉంది. టీవీ, నెట్ కలిసి రావడంతో డబ్బాను టీవీ పక్కనే పెట్టడం అలవాటైపోయింది. మన ఇళ్లలో టీవీ ఉండేది ముందు హాల్లో. తీగ వీధిలోని స్తంభం నుంచి కిటికీ సందులోంచి లోపలికి వస్తుంది కాబట్టి, వీధి వైపు గోడకు ఆనించి, టీవీ వెనక, నేలకు మూరెడు ఎత్తులో డబ్బా స్థిరపడిపోతుంది. తీగ బిగించేవాళ్లకు దగ్గర పడుతుంది, ఇంట్లోవాళ్లకు కంటికి అడ్డం ఉండదు. ఆ ఇంట్లో వైఫై ఎక్కడెక్కడికి పోతుందో, ఎక్కడికి పోదో ఆ క్షణంలోనే చాలావరకు తేలిపోతుంది.

ముందుగా జబ్బు ఎక్కడుందో తేల్చుకుందాం. డబ్బా పక్కనే నిలబడి ఫోనులో వేగం కొలవండి. అక్కడ కూడా వేగం లేకపోతే లోపం బయటి తీగలోనో, కంపెనీ దగ్గరో, డబ్బాలోనో ఉన్నట్టు. ఆ గొడవ కేబుల్ ఆయనతోనే తేలాలి. డబ్బా పక్కన నిండుగా వచ్చి వెనక గదిలో రాకపోతే, తప్పు కంపెనీది కాదు, ప్లానుదీ కాదు. ఇక మనం మాట్లాడుకోవాల్సింది గోడల గురించి.

అదీ వెలుగే

వైఫై సంగతి బోధపడాలంటే అది కూడా ఒక రకం వెలుగేనని గుర్తుంచుకోవాలి. దీపపు కాంతి, ఎక్స్‌రే, ఆకాశవాణి, వైఫై అన్నీ ఒకే జాతికి చెందిన విద్యుదయస్కాంత తరంగాలు. తేడా అంతా అల పొడవులో ఉంది. కంటికి కనిపించే కాంతి అల పొడవు ఒక మిల్లీమీటరులో వెయ్యో వంతుకన్నా తక్కువ. వైఫై వాడే అలల్లో ఒక రకం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, అంటే అయిదు అంగుళాలు. ఇంకో రకం రెండంగుళాల పైచిలుకు. మన డబ్బా, అంటే రూటర్, అచ్చంగా ఒక దీపం. ఫోను ఆ వెలుగును చూసే కన్ను. ఆ కంటికి మన ఇటుక గోడ నల్లటి గోడలా కనపడదు, రంగు వేసిన అద్దంలా కనపడుతుంది. కొంత వెలుగును ఆపుతుంది, కొంత వదులుతుంది. పలచటి గోడ లేత రంగు అద్దం, మందపాటి రాతి గోడ ముదురు రంగు అద్దం, ఇనుప బీరువా రసం పూసిన అద్దం.

గోడ దాటి పోయే వెలుగు ఉంటుందని మన దేశంలో అందరి కళ్లెదుట చూపించినవారు జగదీశ్ చంద్రబోస్. 1895లో కలకత్తా టౌన్ హాల్లో ఆయన చిన్న అలల రేడియో తరంగాలను గోడలకు అవతలి గదిలోకి పంపి అక్కడ గంట మోగించారు, కొద్దిపాటి తుపాకి మందు పేల్చారు. ఆయన ప్రయోగశాలలో వాడిన అలల్లో కొన్ని మిల్లీమీటర్ల పొడవే ఉండేవి, అంటే నేటి వైఫై అలలకన్నా పొట్టివి. మన పడకగదిలో ఫోను పనిచేసినప్పుడల్లా జరిగేది ఆ గంట మోగడంలాంటిదే.

అయిదంగుళాల అలను 2.4 గిగాహెర్ట్జ్ అంటారు. సెకనుకు 240 కోట్ల కంపనాలు. రెండంగుళాలదాన్ని 5 గిగాహెర్ట్జ్ అంటారు. ఈ రెండో రకానికి కేటాయించిన చోటు విశాలం కాబట్టి వేగం ఎక్కువ, గొడవ తక్కువ. కానీ అది గోడల దగ్గర త్వరగా అలసిపోతుంది. పొడుగు అల నిదానంగా పోయినా వెనక గది దాకా చేరుతుంది. ఈ మధ్య వచ్చే రూటర్లలో ఎక్కువ శాతం రెండిటినీ పంపుతాయి. ఫోనులో రెండు పేర్లు కనపడితే, డబ్బా ఉన్న గదిలో 5 గలదాన్ని, రెండు గోడల అవతల 2.4 గలదాన్ని ఎంచుకోండి. ఒక్క పైసా ఖర్చు లేకుండా కొన్ని ఇళ్లలో సమస్య ఇంతటితోనే తీరిపోతుంది.

2.4 గిగాహెర్ట్జ్ గురించి ఒక అపోహ బాగా పాకింది. నీటి అణువు సరిగ్గా ఆ కంపనానికే స్పందిస్తుందని, మైక్రోవేవ్ ఓవెన్ అందుకే ఆ కంపనం వాడుతుందని చెబుతుంటారు. అది సరికాదు. నీరు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కంపనాల దగ్గర రేడియో అలలను మరింత గట్టిగా పీల్చుకుంటుంది. ఓవెన్లు, వైఫై, బ్లూటూత్ ఒకేచోట ఉండటానికి కారణం లైసెన్సు. ప్రపంచమంతటా ఆ ముక్కను ఎవరైనా అనుమతి అడగకుండా వాడుకునేలా వదిలారు. మన దేశంలో ఆ స్వేచ్ఛ 2005లో వచ్చింది. అందుకే అందరూ అక్కడే చేరారు, అందుకే అక్కడ రద్దీ.

గోడలు గుణిస్తాయి

ఇంటి రూటర్ అన్ని వైపులకూ విరజిమ్మే శక్తి సుమారుగా ఒక వాటులో పదో వంతు. రాత్రి పడకగదిలో వేసుకునే చిన్న ఎల్ఈడీ బల్బు తినే కరెంటుకన్నా తక్కువ. ఇది ఖాళీ మైదానంలోనే ఎంత వేగంగా పలచబడుతుందో చూడండి. ఒక మీటరు దూరంలో ఉన్న ఫోనుకు అందేది అందులో పదివేల వంతు. పది మీటర్ల దూరంలో పది లక్షల వంతు. దూరం పది రెట్లయితే అందేది నూరో వంతుకు పడిపోతుంది. దీపానికి దూరంగా జరిగేకొద్దీ పుస్తకం మీద వెలుగు తగ్గేది కూడా ఈ లెక్కనే.

ఇప్పుడు గోడలు అడ్డుపెడదాం. తొమ్మిదంగుళాల ఇటుక గోడ పొడుగు అలలో సుమారు పావు వంతును మాత్రమే అవతలికి వదులుతుంది. రెండు గోడలుంటే పావులో పావు, అంటే పదహారో వంతు. మూడుంటే అరవై నాలుగో వంతు. చాలామంది గోడలను కూడికలో లెక్కిస్తారు, ‘ఒకటే గోడ కదా ఎక్కువ’ అనుకుంటారు. కానీ ప్రతి గోడా అప్పటిదాకా మిగిలినదాన్ని మళ్లీ భాగిస్తుంది. హాల్లో నిండుగా ఉండి, వంటింట్లో ఫరవాలేదనిపించి, వెనక గదిలో ఒక్కసారిగా చచ్చిపోవడానికి కారణం ఈ గుణకారం.

ఇక స్లాబు. సిమెంటు కాంక్రీటు గోడకన్నా ఎక్కువ తాగుతుంది, లోపలి కమ్మీల వల కొంత వెనక్కి కొడుతుంది. ఒక స్లాబు దాటేసరికి యాభయ్యో వంతు మిగిలితే అది మామూలు విషయమే. కింద డబ్బా పెట్టి మేడ మీద గదిలో నెట్ కోసం చూసేవాళ్లు రెండు గోడలకూ ఒక స్లాబుకూ కలిపి ఎనిమిది వందల వంతు సొమ్ము చెల్లించుకుంటున్నారన్నమాట. దూరం చేసిన పది లక్షల భాగాల మీద ఇది అదనం. అయినా ఫోను పనిచేస్తుందంటే, బయలుదేరినదాంట్లో ఎనభై కోట్ల వంతును పట్టుకుని అందులోంచి బొమ్మ, మాట ఏరుకుంటోందని అర్థం. నాకైతే ఈ యంత్రం మీద ఫిర్యాదుకన్నా ముందు ఆశ్చర్యమే కలుగుతుంది.

మన సీమ ఇళ్లకు కొన్ని సొంత లక్షణాలున్నాయి. పాత మిద్దెల్లో రాయి, మట్టి కలిపి కట్టిన గోడలు రెండడుగుల మందం దాకా ఉంటాయి. ఇది గ్రానైటు నేల. కుప్పం గ్రీన్ పేరుతో ఇక్కడి రాయి బయటి దేశాల దాకా పోయింది. ఎండిన గ్రానైటు పలక దానంతటది పెద్ద అడ్డు కాదు, నేల మీద పరిచినా గట్టు మీద వేసినా వైఫైకి పోయేదేమీ లేదు. అడ్డొచ్చేది ఆ గోడల మందం, రాళ్ల మధ్య మట్టి పట్టి ఉంచిన చెమ్మ. వానాకాలంలో పాత గోడ తడిసినప్పుడు వెనక గదిలో నెట్ ఇంకా మందగించడం ఊరికే తోచే అనుమానం కాదు. గాలిలో తేమ, ముసురు వాన మాత్రం ఇంటి దూరాలకు లెక్కలోకి రావు. నీరు గోడలోనో, ఆకుల్లోనో, ట్యాంకులోనో పట్టి ఉంటేనే ఇబ్బంది.

ఇనుముతో వ్యవహారం మరోలా ఉంటుంది. బీరువా, ఫ్రిజ్, జింకు రేకు, గోడంత అద్దం వైఫైని పీల్చవు, తిప్పికొడతాయి. వాటి వెనక నీడ పడుతుంది. దోమలు రాకుండా తలుపులకు బిగించే ఇనుప జాలీ చూడటానికి అంతా సందులే. కానీ అయిదంగుళాల అలకు ఆ మిల్లీమీటరు సందులు కనపడవు, అది రేకుతో సమానం. అదే నైలాన్ వలైతే అసలు అడ్డే కాదు. పట్టుపురుగులు పెంచేవాళ్లు ఊజీ ఈగ రాకుండా షెడ్డు కిటికీలకు కట్టేది నైలాన్ వలే కాబట్టి అక్కడ ఆ బెంగ లేదు. సిమెంటు రేకుల కప్పు కూడా చాలావరకు వదిలేస్తుంది.

తిప్పికొట్టిన అలలు ఇంకో చిత్రం చేస్తాయి. నేరుగా వచ్చిన అల, బీరువాకు తగిలి వచ్చిన అల ఒకచోట కలిసినప్పుడు ఒకదాన్నొకటి పెంచుకోవచ్చు, చెరిపేసుకోవచ్చు. అలా చెరిగిన చోటుకు, పెరిగిన చోటుకు మధ్య దూరం ఒక్కోసారి రెండు మూడంగుళాలే. మంచం ఈ చివర రాని వీడియో ఆ చివర రావడం, ఫోను కాస్త పక్కకు జరపగానే అందుకోవడం దీనివల్లనే. ఒకే చోట ఒక్కసారి చూసి ‘ఈ గదిలో రాదు’ అని తీర్పు చెప్పకండి.

ఫోను కూడా బదులివ్వాలి

‘ఎక్కువ పవరున్న రూటర్ కొంటే సరిపోదా?’ అని దుకాణంలో అడిగేవాళ్లు చాలామంది. కొమ్ముల్లా ఆరు యాంటెనాలున్న డబ్బాను చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఇక్కడ దీపం పోలిక ఒక్కటే చాలదు. దీపం పంపితే చాలు, వైఫైలో ఫోను కూడా తిరిగి పంపాలి. మీరు వీడియో చూస్తున్నంతసేపూ ‘అందింది, తరువాతది పంపు’ అని ఫోను చెబుతూనే ఉండాలి. ఆ బదులు రాకపోతే రూటర్ పంపినదాన్నే మళ్లీ పంపుతుంది. ఫోను చిన్నది, దాని బ్యాటరీ చిన్నది, పంపే శక్తి సాధారణంగా రూటర్‌కన్నా తక్కువ. రూటర్ శక్తి రెట్టింపు చేస్తే ఫోనుకు రూటర్ మాట వినపడుతుంది కానీ ఫోను మాట రూటర్‌కు వినపడదు. తెర మీద గీతలు నిండుగా ఉండి కూడా ఏదీ తెరుచుకోని పరిస్థితి చాలాసార్లు ఇదే. మంచి రూటర్‌కు లాభాలున్నాయి. వాటిలో మొదటిది దాని చెవి చురుకుదనం, పంపే శక్తి ఆ తర్వాతి మాట.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఒక రూటర్ కింద ఉన్న ఫోన్లు, టీవీలు, కెమెరాలు సాధారణంగా ఒకేసారి మాట్లాడలేవు, వంతులవారీగా మాట్లాడతాయి. దూరంగా ఉన్న ఫోను తప్పులు రాకుండా నిదానంగా పంపుతుంది, అంటే ఎక్కువసేపు వంతు పట్టుకుంటుంది. వెనక గదిలో ఒక పిల్లవాడు ఈదుకుంటూ సినిమా దించుకుంటుంటే, డబ్బా పక్కనే కూర్చున్న నాన్నకూ నెట్ మందగిస్తుంది. కాబట్టి వెనక గదిని బాగుచేస్తే లాభం ఇల్లంతటికీ.

ఇరుగుపొరుగు రూటర్లతో కూడా వంతులు పడాల్సి వస్తుంది. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె లాంటి చోట, నేతగాళ్ల ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఫోనులో వైఫై జాబితా తెరిస్తే పక్కింటివి, ఎదురింటివి బారుగా కనపడతాయి. 2.4లో ఒకదానికొకటి అడ్డురాని దారులు, అంటే చానెళ్లు, మూడే: 1, 6, 11. అందరూ ఒకే చానెల్లో కూర్చుంటే అందరికీ ఆలస్యమే. రూటర్ అమరికల్లోకి పోయి ఖాళీగా ఉన్నదానికి మారవచ్చు, లేదా దగ్గరి గదుల్లో 5కు మారిపోవచ్చు. పొలంలో ఒంటరిగా ఉన్న ఇంటికి ఈ బాధ లేదు.

డబ్బా ఎక్కడుండాలి

పై లెక్కలన్నీ అర్థమైనవారికి ఈ ప్రశ్నకు జవాబు తోచే ఉంటుంది. ఇంటికి నడిమధ్యన, నిలబడిన మనిషి తలకు పైన, చుట్టూ ఇనుము లేకుండా. వీధి గోడకు ఆనించిన డబ్బా తన వెలుగులో సగాన్ని వీధిలో పోసేస్తుంది. దాన్ని నడవలోకి, అంటే మూడు నాలుగు గదుల తలుపులు కలిసే చోటికి మారిస్తే ప్రతి గదికీ మధ్య ఒకటే గోడ మిగులుతుంది. తలుపు తీసి ఉంటే అదీ ఉండదు. టీవీ వెనక నుంచి తీసి అల్మారా పైకి ఎక్కించినా తేడా కనపడుతుంది. గాజు తలుపుల షోకేసులో ఫరవాలేదు కానీ ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేస్తే దీపం మీద బుట్ట బోర్లించినట్టే.

తీగ అక్కడిదాకా రాదని కేబుల్ ఆయన అంటే, ఫైబర్ తీగను పొడిగించమని అడగండి. ఇంట్లో ఇరవై మీటర్ల ఫైబర్ ఎక్కువైనందుకు వేగంలో తేడా రాదు. కాకపోతే దాన్ని మూలల దగ్గర మడిచి నొక్కకూడదు. లోపలున్నది వెంట్రుకంత గాజు పోగు, మరీ వంగితే వెలుగు బయటికి జారిపోతుంది, ఇంకా వంచితే విరుగుతుంది. గోడ దగ్గర అరచేతి వెడల్పు వంపు తిరిగేలా వదలాలి.

యాంటెనాల మాటకొస్తే, నిలువుగా నిలబెట్టిన కొమ్ము వెలుగు చుట్టూ అడ్డంగా పరుచుకుంటుంది, తన కొన వైపుకు, అంటే నేరుగా పైకీ కిందికీ తక్కువ పోతుంది. ఒకే అంతస్తు ఇంట్లో అన్నీ నిలువుగా ఉంచండి. సరిగ్గా పై గదికి కావాలంటే ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టి చూడండి. చూసేటప్పుడు గీతలను నమ్మకండి. ఫోనులో సిగ్నల్ బలాన్ని అంకెల్లో చూపించే యాప్ వేసుకుంటే మైనస్ గుర్తుతో ఒక అంకె కనపడుతుంది. మైనస్ 50 దగ్గర ఉంటే బాగుంది. మైనస్ 67 దాకా వీడియో మీటింగు నడుస్తుంది. మైనస్ 80 దాటితే కష్టం. ఇందులో ప్రతి పది తగ్గుదలా శక్తి పదో వంతుకు పడిపోవడం. ఒక కాగితం మీద ఇంటి పటం గీసి గదిగదికీ ఆ అంకె రాసుకుంటే గోడల రంగులు మీకే కనపడతాయి. డబ్బా జరిపాక మళ్లీ రాసి పోల్చుకోవచ్చు.

తీగ నడిచినంత దూరం

జరపడంతో తీరని ఇళ్లుంటాయి. పొడుగాటి ఇళ్లు, రెండంతస్తులు, రాతి గోడలు. అక్కడ ఒక్క దీపం చాలదు, రెండోది పెట్టాలి. ప్రశ్నల్లా రెండో దీపానికి నూనె ఎక్కడి నుంచి వస్తుందని.

బజారులో చవగ్గా దొరికేది రిపీటర్. ప్లగ్గులో గుచ్చితే చాలు, మొదటి డబ్బా మాట విని తిరిగి పలుకుతుంది. దాన్ని కొన్నవాళ్లలో ఎక్కువమంది నెట్ రాని గదిలోనే గుచ్చుతారు. అక్కడ దానికి మాత్రం ఏం వినపడుతుంది? వినని మాటను అది తిరిగి చెప్పలేదు. మంచి సిగ్నల్ ఉన్న చోటుకూ చచ్చిన చోటుకూ మధ్యలో పెట్టాలి. అప్పుడు కూడా ఒకే చానెల్లో వినడం, మళ్లీ పలకడం రెండూ చేయాలి కాబట్టి వేగం దాదాపు సగానికి పడుతుంది. వాట్సాప్‌కు, పాటలకు సరిపోతుంది. రోజంతా మీటింగుల్లో ఉండే ఉద్యోగికి చాలదు. మెష్ పేరుతో జతలుగా అమ్మేవి ఇంతకన్నా తెలివైనవి. మూడు గదుల్లో మూడు పెట్టినా పేరు ఒకటే ఉంటుంది, ఫోను నడుస్తూ పోతుంటే దగ్గరిదానికి మారేలా సర్దుతాయి. కానీ అవి కూడా తమలో తాము గాలిలోనే మాట్లాడుకుంటే, మధ్యలో ఉన్న రాతి గోడ వాటికీ రాతి గోడే.

నేను గట్టిగా చెప్పేది తీగ వైపే. మొదటి రూటర్ నుంచి నెట్‌వర్క్ కేబుల్ ఒకటి లాగి, వెనక గదిలో రెండో డబ్బా పెట్టండి. ఇంజినీర్లు దాన్ని యాక్సెస్ పాయింట్ అంటారు, మన మాటల్లో ఉపదీపం అనుకోవచ్చు. క్యాట్ 6 రకం కేబుల్ వంద మీటర్ల దాకా పూర్తి వేగం మోస్తుంది, ఎన్ని గోడలున్నా దానికి లెక్క లేదు. పాత రూటర్ మూలన పడి ఉంటే చాలావాటిని అమరిక మార్చి ఇలా వాడుకోవచ్చు. రెండిటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చి, చానెళ్లు మాత్రం వేరువేరుగా పెట్టాలి. ఫోను కొన్నిసార్లు పాత డబ్బానే పట్టుకు వేలాడుతుంది, అప్పుడు వైఫై ఒకసారి ఆపి వేస్తే దగ్గరిదాన్ని పట్టుకుంటుంది.

కొత్త ఇల్లు కడుతున్నవారికి ఇది మరీ సులువు. కరెంటు పైపులు వేసే రోజునే ప్రతి అంతస్తుకూ ఒక ఖాళీ పైపు విడిగా వేయించండి. కరెంటు తీగలున్న పైపులోనే నెట్ కేబుల్ దూర్చకూడదు, ప్రమాదం. గోడలు పూత అయ్యాక పగలగొట్టించే ఖర్చుతో పోలిస్తే ఆ ఖాళీ పైపు ఖర్చు లెక్కలోకే రాదు. మేస్త్రీకి వాస్తు గురించి అన్ని జాగ్రత్తలు చెప్పేవాళ్లు ఈ ఒక్క పైపు మరిచిపోతున్నారని నాకు నిజంగా బాధ.

కరెంటు పోయినప్పుడు డబ్బాలన్నీ ఆరిపోతాయి కానీ వీధిలో ఫైబర్ తరచుగా బతికే ఉంటుంది. రూటర్‌కు సరిపోయే చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. రూటర్ తినేది పది పన్నెండు వాట్లే కాబట్టి గంటల తరబడి నడుస్తుంది. ఉపదీపానికి కూడా ఒకటి కావాలని మరువకండి.

కొట్టం దాకా, షెడ్డు దాకా

ఇల్లు దాటితే ఈ ప్రాంతంలో ఇంకో అవసరం ఉంది. పుంగనూరు ఆవును కట్టేసిన కొట్టంలో కెమెరా పెట్టాలి. పట్టుపురుగుల షెడ్డులో వేడి, తేమ ఎంతున్నాయో ఇంట్లో కూర్చుని చూడాలి. టమోటా తోటలో మోటారు దగ్గరికి నెట్ కావాలి. ఇవి ఇంటికి యాభై మీటర్ల నుంచి అర కిలోమీటరు దాకా ఉంటాయి. ఇంటి వైఫై అక్కడికి చేరదు, చేరాలని ఆశించనక్కర్లేదు కూడా.

అన్ని దిక్కులకూ చెదిరే వెలుగును ఒకే వైపుకు మలిస్తే ఎంత దూరం పోతుందో తెలిసినవారు ఎప్పటినుంచో వాడుకుంటున్నారు. 2007లో వెనిజులాలో ఎర్మానో పియెట్రోసెమోలి బృందం రెండు కొండల మధ్య 382 కిలోమీటర్ల దూరం వైఫై కలిపింది. మనకు దగ్గరగా, పశ్చిమ గోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ వారి అశ్విని పథకం పల్లెలను దూరపు వైఫైతో కలిపింది. తమిళనాడులో తేని దగ్గర అరవింద్ కంటి ఆసుపత్రి, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంతో కలిసి ఇదే పద్ధతిలో పల్లె రోగులకు వీడియోలో డాక్టరును చూపించింది. అన్నిటిలోనూ వాడింది వైఫై జాతి రేడియోనే, దూరం తెచ్చినవి గురి పెట్టిన యాంటెనాలు.

అదే పని ఇప్పుడు చిన్న రూపంలో మనం చేసుకోవచ్చు. మిద్దె మీద ఒకటి, షెడ్డు మీద ఒకటి, ఒకదానివైపు ఒకటి చూసేలా బిగించే 5 గిగాహెర్ట్జ్ రేడియోల జతలు దొరుకుతున్నాయి. షరతు ఒక్కటే, అవి ఒకదానికొకటి కనపడాలి. కనపడటం అంటే సన్నటి గీత సరిపోదు. కిలోమీటరు దూరంలో మధ్యభాగాన ఆ గీత చుట్టూ మూడున్నర మీటర్ల మేర ఖాళీ ఉంటే పూర్తి బలం వస్తుంది, అర కిలోమీటరైతే రెండున్నర మీటర్లు. గోదావరి పల్లపు నేలలో ఎత్తు స్తంభాలు లేపితేనే ఈ ఖాళీ దొరుకుతుంది. మన దగ్గర గుట్టలే అడ్డం వస్తాయి, గుట్టలే సాయం చేస్తాయి. గుట్ట అవతలి తోటకు నేరుగా పోదు కానీ గుట్ట నెత్తిన ఒక జత అదనంగా పెడితే మలుపు తిరిగి పోతుంది. చెట్ల విషయంలో జాగ్రత్త. వేసవిలో బిగించిన రేడియో చక్కగా పనిచేసి, వానలు పడి మామిడి కొమ్మలు చిగుర్లేసి అడ్డం పెరిగాక మందగిస్తుంది. ఆకు నిండా నీరే. బిగించేటప్పుడే రెండు మూడేళ్లకు చెట్టు ఎంత పెరుగుతుందో అంచనా వేసుకోవాలి.

వంద మీటర్ల లోపు షెడ్డుకు కేబుల్ లాగాలనిపిస్తుంది. రాగి కేబుల్‌ను బయట ఎండకూ వానకూ వేస్తే బయటి వాడకానికి చేసిన నల్ల తొడుగుదే కొనాలి. అయినా పిడుగుల కాలంలో భయం తప్పదు. దగ్గరలో పిడుగు పడితే ఆ తీగలోకి పాకిన విద్యుత్తు రెండు చివర్ల డబ్బాలనూ కాల్చేయవచ్చు. అక్కడ ఫైబరే మేలు. గాజులో కరెంటు పారదు. దాన్ని మోయడానికి పక్కనే ఇనుప తీగ ఉన్న రకం కాకుండా, లోహం లేని రకం అడిగి తీసుకోవాలి. రెండు చివరలా వెలుగును కరెంటు సంకేతంగా మార్చే చిన్న పెట్టెలు, మీడియా కన్వర్టర్లు, బిగిస్తే చాలు. మట్టిలో పైపు వేసి అందులో లాగితే ఎలుకలు, గడ్డపారలు, ట్రాక్టరు నాగళ్ల బెడద కూడా తగ్గుతుంది. పైపును అడుగున్నర లోతుకు తక్కువ కాకుండా పూడ్చండి, అది పోయే దారిని పొలం గట్టు మీద రాతి కూసాలకు రంగు పూసి గుర్తు పెట్టుకోండి.